గన్నేరు పప్పా, ఇన్సులినా? తిరుపతి మెడికల్ థ్రిల్లర్ ముసాయిదా చదివినవాళ్ల చర్చ

అలిపిరి_పాఠకుడు
మన నవలాకారుడు గారు పెట్టిన 41 అధ్యాయాల ముసాయిదా చాలామంది పూర్తి చేసినట్టున్నారు. ఇక దాచేదేమీ లేదు. చివరిదాకా చదవనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, హంతకుడు ఎవరో కింద బయటపడుతుంది.

కథ గుర్తు లేనివాళ్లకు: తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. 11 రోజుల్లో మూడు మరణాలు. మొదటిది ఆపరేషన్ టేబుల్ మీద, రెండోది వార్డులో షుగర్ పడిపోయి, మూడోది గుండె లయ తప్పి. ఫోరెన్సిక్ పీజీ అమ్మాయికి అనుమానం వస్తుంది, ఎస్సై మత్తు డాక్టరును పట్టుకుంటాడు, అసలు మనిషి రాత్రి ఫార్మసీ ఇన్‌ఛార్జి.

నా మాట ఒకటే. మొదటి వంద పేజీలు ఊపిరి ఆడనివ్వలేదు. కానీ 22వ అధ్యాయం నుంచి ప్రతి ముడీ ఒక ల్యాబ్ రిపోర్టుతో విడిపోతా ఉంది. రిపోర్టు వచ్చింది, నిజం తెలిసింది. అంత సులువా? తెలిసినవాళ్లు చెప్పండి.

మత్తుసూది
మూడో అధ్యాయంతో మొదలుపెడతాను. ఆక్సిజన్ లైనులోకి నైట్రస్ ఆక్సైడ్, అంటే మత్తుకు వాడే గ్యాసు, వచ్చేలా మార్చేశారు, పేషెంటు నీలంగా మారాడు, ఎవరికీ అర్థం కాలేదు. ఇది జరగని పని కాదు. పైపులు రిపేరు చేసినప్పుడు లైన్లు తారుమారైన సంఘటనలు ప్రపంచంలో చాలాచోట్ల నమోదయ్యాయి. కానీ మీరు రాసినట్టు జరగదు.

ఒకటి, ఆక్సిజన్ గొట్టం తెల్లది, నైట్రస్‌ది నీలం. గోడకు తగిలించే కొనలు కూడా ఒకదానిది ఇంకోదానికి పట్టవు. సిలిండర్లకూ అంతే. ఆక్సిజన్ సిలిండర్ నల్లటి ఒళ్లు, తెల్లటి భుజం. నైట్రస్ మొత్తం నీలం. వాటి మెడ దగ్గర పిన్నుల రంధ్రాలు ఆక్సిజన్‌కు 2, 5 స్థానాల్లో, నైట్రస్‌కు 3, 5 స్థానాల్లో ఉంటాయి. అందుకని పొరపాటున మారదు. కావాలని మార్చాలంటే ఫిట్టింగే విప్పి వేరేది బిగించాలి. బిగిస్తే ఇత్తడి మీద స్పానర్ గీతలు మిగులుతాయి. మీ ఎస్సై నవల మొత్తం వేలిముద్రల కోసం వెతికాడు గానీ ఈ గీతలు చూడలేదు.

రెండు, తప్పు ప్రధాన లైనులో ఉంటే ఆ వైపు థియేటర్లన్నిటిలో పేషెంట్లు నీలం కావాలి. మీ కథలో రెండో థియేటర్ ఒక్కటే. కాబట్టి మార్పు ఆ గది గోడ దగ్గరే జరిగింది. ఈ ఒక్క ఆలోచనతో అనుమానితుల జాబితా సగానికి తగ్గుతుంది. పీజీ అమ్మాయి చేత ఆ మాట అనిపించండి.

మూడు, పెద్దది. మిషన్‌లో ఆక్సిజన్ శాతం చూపే సెన్సర్ ఉంటుంది. గోడలోంచి ఏ గ్యాసు వచ్చినా పేషెంటుకు పోయేదాంట్లో ఆక్సిజన్ ఎంతుందో అది చెప్పేస్తుంది, అలారం మోగుతుంది. నైట్రస్ ఎక్కువ కాకుండా ఆక్సిజన్ కనీసం 25 శాతం దగ్గర పట్టి ఉంచే అడ్డు వేరే ఉంటుంది, కానీ అది నాబ్‌లను నమ్ముతుంది, గ్యాసును కాదు. గోడలోంచే తప్పు గ్యాసు వస్తే ఆ అడ్డు గుడ్డిది. సెన్సర్ ఒక్కటే దిక్కు. మీ థియేటర్లో అది ఏమైంది? సెల్ కాలం తీరిపోయి, అలారం విసుగొచ్చి ఆపేసి ఉంటే చెప్పండి, అప్పుడు నమ్ముతాం.

నాలుగోది మీకు ఉచితంగా ఇస్తున్నా, వాడుకోండి. మీ మత్తు డాక్టరు వెంటనే మిషన్ వెనక ఉన్న ఎమర్జెన్సీ ఆక్సిజన్ సిలిండర్ తెరిచాడు, అయినా పేషెంటు బతకలేదు, ఎందుకో మీరు చెప్పలేదు. కారణం ఉంది. గోడ లైను ప్రెషర్ సుమారు 50 నుంచి 55 పీఎస్‌ఐ. సిలిండర్ ప్రెషర్‌ను రెగ్యులేటర్ 45 దగ్గరికి దించుతుంది. రెండూ కలిసి ఉన్నంతసేపు ఎక్కువ ప్రెషర్ ఉన్న గోడ గ్యాసే లోపలికి పోతుంది, తెరిచిన సిలిండర్ అట్లే నిండుగా ఉంటుంది. గోడ గొట్టం పీకేయాలి, ఆ తర్వాతే సిలిండర్ పనిచేస్తుంది. కంగారులో చాలామంది మరిచే మెట్టు ఇదే. ఆ నాలుగు నిమిషాలు రాసి చూడండి.

పుస్తకప్పురుగు_చిత్తూరు
అబ్బా, ఆ నాలుగో పాయింటు ఒక్కటి చాలు సార్. సిలిండర్ తెరిచిందీ కరెక్టే, చేసిన మనిషీ మంచోడే, అయినా పేషెంటు పోయినాడు. ముసాయిదాలో మత్తు డాక్టరు మీద నాకు జాలే కలగలేదు, ఇట్ల రాస్తే కలుగుతుంది.

ఖాకీకలం
పోలీసు వైపు చెప్తా. ముందు నవలాకారుడు గారిని ఒకటి అడగాల. కథ ఏ సంవత్సరంలో జరుగుతా ఉంది? ఒకచోట "చిత్తూరు జిల్లా తిరుపతి" అని రాసినారు, ఇంకోచోట "తిరుపతి జిల్లా ఎస్పీ" అని. తిరుపతి జిల్లా అయింది 2022 ఏప్రిల్ 4న. అంతకు ముందు కథ అయితే చిత్తూరు జిల్లాలోనే తిరుపతి అర్బన్ పోలీసు జిల్లా వేరే ఉండేది. ఇంకా ముఖ్యం, 2024 జులై 1కి ముందైతే హత్య ఐపీసీ సెక్షన్ 302. తర్వాతైతే భారతీయ న్యాయ సంహితలో 103. మీ ఎస్సై 302 అంటాడు, మీ లాయరు 103 అంటాడు. అలవాటు కొద్దీ ఎస్సై నోటి నుంచి 302 రావచ్చు, అది సహజమే, కానీ ఎఫ్ఐఆర్ కాగితం మీద రాకూడదు.

తొమ్మిదో అధ్యాయం, రాత్రి 11కి ప్రైవేటు ఆసుపత్రి బేస్‌మెంట్‌లో పోస్టుమార్టం. ఒక్క వాక్యంలో మూడు తప్పులు.

ప్రైవేటు ఆసుపత్రిలో అనుమానాస్పద మరణం జరిగితే వాళ్లు చేయాల్సింది స్టేషన్‌కు సమాచారం పంపడం, కేస్ షీట్ అప్పగించడం. పోస్టుమార్టం అధికారం ఉన్న ప్రభుత్వ కేంద్రంలో చేస్తారు. తిరుపతిలో అయితే బాడీ రుయా ప్రభుత్వ ఆసుపత్రి మార్చురీకి పోతుంది. రెండు, ముందు శవ పంచనామా. బీఎన్‌ఎస్‌ఎస్, అంటే కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, సెక్షన్ 194 కింద, పాత చట్టంలో 174. చుట్టుపక్కల ఇద్దరు పెద్దమనుషుల సమక్షంలో గాయాలు, గుర్తులు రాసి, ఆ కాగితాలతో డాక్టరుకు రిక్విజిషన్ పోవాల. మీ నవలలో పంచనామా అనే మాటే లేదు. మూడు, రాత్రి. వసతులున్న ఆసుపత్రుల్లో చీకటి పడ్డాక కూడా పోస్టుమార్టం చేయొచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2021 నవంబరులో చెప్పింది. కానీ హత్య, ఆత్మహత్య, అత్యాచారం, కుళ్లిన శవం, అనుమానం ఉన్న కేసులకు ఆ సడలింపు లేదు, శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప. మీది అనుమానం కేసు. తెల్లారేదాకా ఆగాల్సిందే. ఆ ఆగడమే మీకు సస్పెన్స్ కదా సామీ, ఎందుకు పోగొట్టుకుంటారు?

17లో మత్తు డాక్టరును ఆ రాత్రే అరెస్టు చేసినారు. వైద్య నిర్లక్ష్యం ఆరోపణ మీద డాక్టర్లను ఊరికే అరెస్టు చేయకూడదని, ముందు ఆ విభాగంలో వేరే డాక్టరు అభిప్రాయం తీసుకోవాలని జేకబ్ మాథ్యూ కేసులో 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. హత్య అని ఆధారం ఉంటే వేరే. మీ ఎస్సై దగ్గర ఏ ఆధారమూ లేదు, బంధువులు గేటు ముందు అరిచినారు, అంతే. బయట జనం, పైనుంచి ఫోన్లు, చేతిలో కాగితం లేదు. ఎస్సైని అట్ల ఇరికించండి, పాత్ర నిలబడుతుంది.

ల్యాబ్‌గుమాస్తా
పన్నెండో అధ్యాయం చదివి తల పట్టుకున్నాను. "విసెరాను ఫార్మాలిన్‌లో భద్రపరిచి ఎఫ్ఎస్ఎల్‌కు పంపింది." విసెరా అంటే శవంలోంచి తీసిన లోపలి అవయవాలు, ఎఫ్ఎస్ఎల్ అంటే ఫోరెన్సిక్ ల్యాబ్. ఫార్మాలిన్ కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద చూడటానికి, అంటే హిస్టోపాథాలజీకి. విషం వెతకాల్సిన సీసాలో ఫార్మాలిన్ పోస్తే కణజాలం బిగుసుకుపోయి విషం బయటికి లాగడం కష్టమవుతుంది. రసాయన పరీక్షకు మామూలుగా వాడేది ఉప్పు నీళ్లు. మామూలు ఉప్పే, ఇక కరగనంతగా కలిపిన ద్రావణం.

ఎట్ల పంపుతారో రాస్తున్నా, కావాల్సినంత వాడుకోండి. వెడల్పు మూతి గాజు సీసాలు. మొదటి దాంట్లో కడుపు, అందులో ఉన్న పదార్థంతో సహా, పైభాగపు చిన్నపేగు ఒక అడుగు. రెండో దాంట్లో కాలేయం సుమారు అర కిలో, రెండు మూత్రపిండాల్లో చెరిసగం. మూడో దాంట్లో రక్తం, సోడియం ఫ్లోరైడ్‌తో. నాలుగోది అందరూ మరిచేది: వాడిన ఉప్పునీళ్ల శాంపిల్. అందులోనే ఏమైనా కలిసిందని రేపు కోర్టులో డిఫెన్సు అనకుండా. సీసా మూడింట రెండొంతులే నింపాలి. గ్యాసు పుట్టి మూత ఎగిరిపోతుంది, మన ఎండల్లో మరీను. లక్క సీలు, దాని నమూనా ముద్ర వేరే కాగితం మీద, కానిస్టేబుల్ చేతికి రసీదుతో.

డాక్టరు ఆరోజే "కారణం ఇది" అని రాసేయడు. రసాయన పరీక్ష వచ్చేదాకా అభిప్రాయం వాయిదా అని రాస్తాడు. ప్రాంతీయ ఫోరెన్సిక్ ల్యాబ్ తిరుపతిలోనే ఉంది, అయినా గంటలో రిపోర్టు రాదు, వరుస ఉంటుంది. మీ పీజీ అమ్మాయి ఫోన్ చేసి "ఏమొచ్చింది?" అని అడిగితే చెప్పేయరు కూడా. అన్నట్టు పీజీ సాయం చేస్తుంది, ఆమె ఒక్కతే సంతకం పెట్టేసిన రిపోర్టు చెల్లదు.

ఫార్మాలిన్ పొరపాటును మాత్రం తీసేయకండి. కథలో ఎవరో ఒకరు కావాలనే పోశారని మార్చండి. మార్చురీ అటెండర్‌కు ఎవరో డబ్బులిచ్చారు అని.

కాణిపాకం_కవిత
ఒక్క నిమిషం. ఇట్ల ఒక్కొక్కరు ఒక్కో పాఠం చెప్తా పోతే నవల కాస్తా ఫోరెన్సిక్ గైడు అయిపోతాది. నేను థ్రిల్లర్ చదివేది నిద్ర పట్టకుండా ఉండటానికి. సీసాలో కాలేయం అర కిలోనా, ముప్పావు కిలోనా నాకెందుకు?

ల్యాబ్‌గుమాస్తా
అక్కా, అర కిలో నవలలో ఉండక్కర్లేదు. సీసా ఎందుకు నిండా నింపలేదో తెలిసిన రచయిత మూత ఎగిరిన సన్నివేశం రాయగలడు. తెలియనివాడు "రిపోర్టు వచ్చింది" అని రాస్తాడు. తేడా అదే.

కాణిపాకం_కవిత
సరే, మూత ఎగిరితే చదువుతా.

షుగర్‌చార్ట్
రెండో హత్య గురించి ఎవరూ మాట్లాడలేదు. నవల బరువంతా దాని మీదే ఉంది కదా. ఇన్సులిన్ ఇచ్చి చంపడం, రిపోర్టులో "రక్తంలో షుగర్ 20" అని రావడం, అంతటితో హత్య రుజువు. కాదు.

చనిపోయాక రక్తంలో కణాలు షుగర్‌ను తింటూనే ఉంటాయి. అందుకని శవంలో షుగర్ తక్కువ ఉండటం దాదాపు దేనికీ రుజువు కాదు. కంటిలోని ద్రవంలో చూస్తారు, అక్కడ కూడా తగ్గుతుంది. ఎక్కువ ఉంటే అర్థం ఉంటుంది, తక్కువ ఉంటే జాగ్రత్తగా ఆలోచించాలి. అసలు రుజువు వేరేచోట ఉంది. మన ఒంట్లో క్లోమం ఇన్సులిన్ చేసినప్పుడు దానితో పాటు సి-పెప్టైడ్ అనే ముక్క సమానంగా బయటికి వస్తుంది. బయటి నుంచి సూదితో ఇచ్చిన ఇన్సులిన్‌తో ఆ ముక్క రాదు. కాబట్టి ఇన్సులిన్ ఎక్కువ, సి-పెప్టైడ్ తక్కువ అంటే సూది పడింది. రెండూ ఎక్కువ ఉంటే షుగర్ మాత్రలు మింగి ఉండొచ్చు, లేదా క్లోమంలో గడ్డ. మీ డాక్టరు రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని చూసే దృశ్యం ఉంటే అదే పెద్ద మలుపు.

కానీ ఆ రక్తం మనిషి బతికి ఉండగా, షుగర్ పడి ఉన్నప్పుడు తీసింది కావాలి. వార్డులో జరిగేది చూడండి. సిస్టర్ జీఆర్‌బీఎస్, అంటే వేలి చుక్కతో షుగర్, చూస్తుంది, 28 వస్తుంది, పరుగు. 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 ఎంఎల్ ఎక్కిస్తారు. ఆ హడావుడిలో ముందు రెండు ట్యూబుల రక్తం తీసిపెట్టాలని ఎవరికి తోస్తుంది? తోచిన ఒక్క జూనియర్ మీ కథలో ఉండాలి. తీసిన ట్యూబును కూడా బల్లమీద వదిలేస్తే లాభం లేదు. ఎర్రకణాలు పగిలితే వాటిలోని ఎంజైము ఇన్సులిన్‌ను తినేస్తుంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన సీరం తీసి, ఫ్రీజర్‌లో పెట్టాలి. ఆ రాత్రి కరెంటు పోయి ఫ్రీజర్ ఆగితే? నేను రచయితనైతే అక్కడ ఒక అధ్యాయం రాస్తాను.

ఇన్సులిన్‌తో హత్య మొదటిసారి కోర్టులో రుజువైంది ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ కేసులో, 1957లో. కెనెత్ బార్లో అనే నర్సు, భార్యను చంపాడు. ఆమె స్నానాల తొట్టిలో మునిగిందన్నాడు. డాక్టర్లు భూతద్దంతో ఒళ్లంతా వెతికి పిరుదుల మీద సూది గుర్తులు పట్టుకున్నారు. ఆ చోట కండ కోసి, దాని సారం ఎలుకలకు ఎక్కిస్తే వాటికి షుగర్ పడిపోయింది. సి-పెప్టైడ్ పరీక్ష లేని రోజులవి. అంటే రక్తంలో దొరకనిది సూది పడ్డ చోట దొరికింది. మీ పీజీ అమ్మాయి రిపోర్టు కోసం కూర్చోకుండా శవం మీద చర్మం చూడాలి. కాన్యులా (సెలైన్ ఎక్కించే సూది గొట్టం) గుర్తులు ఎన్ని ఉండాలి, ఎన్ని ఉన్నాయి, కేస్ షీట్‌లో రాసినవి ఎన్ని. లెక్క ఒకటి ఎక్కువ రావాలి.

నవలాకారుడు
అందరికీ నమస్కారం. చదువుతున్నాను, రాసుకుంటున్నాను. కథ 2025లో జరుగుతుంది, ఖాకీకలం గారూ. చిత్తూరు జిల్లా అన్న చోట దిద్దుతాను. ఫార్మాలిన్ నిజంగా నా తప్పే, కానీ ల్యాబ్‌గుమాస్తా గారు చెప్పిన మలుపు తీసుకుంటున్నాను. ఒక ప్రశ్న: హంతకుడు ఫార్మసీ మనిషి కాబట్టి స్టాక్ రిజిస్టర్ తనే దిద్దేశాడని రాశాను. దాన్ని పట్టుకునే దారి ఉందా?

షుగర్‌చార్ట్
ఉంది. ఒక రిజిస్టర్ దిద్దొచ్చు, అన్నీ దిద్దలేడు. వార్డు ఇండెంట్, ఫార్మసీ స్టాక్, పేషెంటు బిల్లు, సిస్టర్ రాసే మందుల చార్ట్, ఖాళీ సీసాలు పడేసే డబ్బా. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంటుంది, ఆ ఫ్రిజ్ ఉష్ణోగ్రత కూడా రోజుకు రెండుసార్లు రాస్తారు. ఒక వయల్ 10 ఎంఎల్. ఎన్ని వయళ్లు వచ్చాయి, ఎంతమందికి ఎన్ని యూనిట్లు రాశారు, ఎన్ని ఖాళీలు డబ్బాలో ఉన్నాయి. ఈ మూడింటి తేడాలో మీ హంతకుడు ఉన్నాడు.

ఖాకీకలం
దీనికి నిజం కేసులే ఉండాయి. ఇంగ్లండ్‌లో డాక్టర్ హెరాల్డ్ షిప్‌మన్ 2000 జనవరిలో 15 హత్యలకు శిక్ష పడిన మనిషి. ముసలివాళ్లకు డయామార్ఫిన్ అనే బలమైన నొప్పి మందు ఇచ్చి, ముందు నుంచే జబ్బు ఉన్నట్టు కంప్యూటర్లో పాత తేదీలతో నోట్సు రాసినాడు. తెర మీద పాత తేదీ, కానీ ఆ అక్షరాలు ఏ నిమిషంలో టైపు చేసినారో హార్డ్ డిస్కులో దాగి ఉంది. మరణం తర్వాత రాసిన "పాత" జబ్బు. అమెరికాలో చార్లెస్ కల్లెన్ అనే నర్సు 2003 డిసెంబరులో దొరికినాడు. మందుల అలమారా కంప్యూటర్లో ఆర్డరు పెట్టి రద్దు చేసేవాడు. రద్దు చేసినా డ్రాయరు తెరుచుకునేది, రద్దు చేసిన సంగతి రికార్డులో మిగిలింది.

మీ ఆసుపత్రిలో సాఫ్ట్‌వేర్ ఉందని రాసినారు కదా. తెర మీద కనిపించేది కాదు, వెనకాల లాగ్ అడగమనండి. కోర్టులో పెట్టాలంటే ఆ ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ కావాల, భారతీయ సాక్ష్య అధినియమంలో సెక్షన్ 63. పాత ఎవిడెన్స్ చట్టంలో 65బి. సీసీ కెమెరాది అంతే, డీవీఆర్ పాత రికార్డింగు మీదే కొత్తది రాసుకుంటా పోతుంది. థియేటర్ మానిటర్‌లో ఆక్సిజన్, పల్స్ అంకెలు కూడా మోడల్‌ను బట్టి కొన్ని గంటలో, కొన్ని రోజులో ఉంటాయి. ఎస్సై ఆలస్యం చేస్తే ఆధారం తనంతట తానే చెరిగిపోతా ఉంటుంది.

పీలేరు_ప్రశ్న
ఒక చిన్న సంగతి. 26వ అధ్యాయంలో హంతకుడు తిరుమల నుంచి 15 నిమిషాల్లో కిందికి దిగి హత్య చేసి మళ్లీ పైకి పోయినాడు. ఎవరైనా మన ఊరోళ్లు రాసినారా ఇది? దిగేది మొదటి ఘాట్ రోడ్డు, ఎక్కేది రెండో ఘాట్. దిగడానికి కనీసం 40 నిమిషాలు, ఎక్కడానికి 28 నిమిషాలు అని నిబంధన. అంతకంటే ముందు వచ్చినోడిని చెక్‌పోస్టులో పట్టుకుంటారు. పైగా అలిపిరిలో తనిఖీ. హంతకుడు ఆ గేటు దాటితే కాగితం మిగులుతుంది.

పుస్తకప్పురుగు_చిత్తూరు
అదే వాడి సాక్ష్యంగా పెట్టొచ్చు కదప్పా. "నేను ఆ రాత్రి కొండ మీద ఉన్నా" అంటాడు, గది రసీదు కూడా చూపిస్తాడు. కానీ నడకదారిలో దిగినాడు. అలిపిరి మెట్లు 3,550. దిగేటప్పుడు గేటు స్లిప్పు లేదు, మోకాళ్ల నొప్పి ఉంది. మర్నాడు మెట్లు దిగలేక గోడ పట్టుకున్న ఫార్మసీ ఇన్‌ఛార్జిని పీజీ అమ్మాయి చూస్తాది.

పీలేరు_ప్రశ్న
బలే చెప్పినావన్నా. కాకపోతే దిగడానికి గంటన్నర పైనే పడుతుంది, రాత్రిపూట నడకదారికి ఆంక్షలు కూడా ఉంటాయి చిరుతపులుల వల్ల. హత్య టైము వెనక్కి జరపండి.

మార్చురీ_మెట్లు
హత్య టైము అన్నారు కాబట్టి. "మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు, వరండాలో గంట క్రితం పోయిన శవం మంచులా చల్లగా ఉంది." తిరుపతి మే నెలలోనా? బయట 42 ఉన్నప్పుడు 37 డిగ్రీల ఒళ్లు ఎట్ల చల్లబడుతుంది? చల్లబడదు, ఒక్కోసారి వేడెక్కుతుంది. వేసవిలో ఉష్ణోగ్రత చూసి టైము చెప్పే పద్ధతి ఇక్కడ పనికిరాదు. బిగుసుకోవడం చూస్తారు: గంటా రెండు గంటల్లో కనురెప్పలు, దవడ దగ్గర మొదలవుతుంది, మన ఎండాకాలంలో త్వరగా వచ్చి త్వరగా పోతుంది. రక్తం కిందికి దిగి కట్టిన మచ్చలు ఆరు నుంచి ఎనిమిది గంటలకు ఇక కదలవు. వెల్లకిలా పడుకోబెట్టిన శవానికి పొట్ట వైపు మచ్చలుంటే ఎవరో తిప్పారు. కుడి తొంటి పైన పొట్ట ఆకుపచ్చగా మారడం వేసవిలో సగం రోజు నుంచి కనిపిస్తుంది. మార్చురీ పెట్టెలో 4 డిగ్రీల్లో పెడితే ఈ లెక్కలన్నీ ఆగిపోతాయి. కాబట్టి పెట్టెలో ఎప్పుడు పెట్టారో రాసిన పుస్తకం కూడా సాక్ష్యమే.

38వ అధ్యాయంలో శేషాచలం అడుగున దొరికిన అస్థిపంజరం. "రెండు గంటల్లో డీఎన్ఏతో గుర్తుపట్టారు." ఎవరి డీఎన్ఏతో పోల్చారు? పోల్చడానికి మనిషి కావాలి. నా సలహా వేరే. ఎముకలో పాత విరుగుడు పెట్టండి. ముంజేతి ఎముక విరిగి అతుక్కుంది, కానీ కొనలు కొంచెం ఒకదాని మీదకొకటి ఎక్కాయి, ప్లేటు లేదు, స్క్రూ రంధ్రాలు లేవు. అంటే ఆపరేషన్ జరగలేదు. మన జిల్లాలో అలాంటిది చూస్తే ఎవరికైనా ముందు ఏం తోస్తుంది?

కాణిపాకం_కవిత
పుత్తూరు కట్టు!

మార్చురీ_మెట్లు
అంతే, ఆపరేషన్ లేకుండా విరిగిన ఎముకకు వేసే నాటు కట్టు. అదొక్కటే రుజువు కాదు, ఊరికే పిండికట్టుతో మానినా అట్లనే ఉండొచ్చు. కానీ ఎస్సైకి పోవాల్సిన దారి దొరుకుతుంది. పాత ఎక్స్‌రే దొరికితే అప్పుడు రుజువు.

గన్నేరుతోట
మూడో హత్య దగ్గర నాకో అభిప్రాయభేదం ఉంది. రచయిత డిజాక్సిన్ అనే గుండె మందు అన్నారు, ల్యాబ్‌లో డిజాక్సిన్ వచ్చింది, ఆసుపత్రి మందే చంపింది, కేసు క్లోజ్. దీన్ని తలకిందులు చేయొచ్చు.

పచ్చ గన్నేరు మన వైపు కంచెల నిండా. దాని పప్పులో గుండెను పట్టే గ్లైకోసైడ్లు ఉంటాయి, డిజాక్సిన్‌కు దగ్గరి చుట్టాలు. మామూలు ఇమ్యునోఅస్సే పరీక్ష రెండింటికీ తేడా సరిగ్గా పట్టుకోలేదు, గన్నేరుకు కూడా "డిజాక్సిన్ ఉంది" అంటుంది. పేషెంటుకు ఆసుపత్రిలో డిజాక్సిన్ ఎవరూ రాయలేదు. చార్టులో లేదు, స్టాక్‌లో తగ్గలేదు. షుగర్‌చార్ట్ గారు చెప్పిన లెక్క సరిపోతుంది! అప్పుడు పీజీ అమ్మాయికి అర్థం కావాలి, ఈ మూడో మరణం ఆసుపత్రిలో మొదలు కాలేదు. ఇంటి నుంచి వచ్చింది. చేర్చుకున్నప్పటి నోట్సు చూస్తే వాంతులు, పల్స్ 44, ఈసీజీలో బ్లాకు, పొటాషియం ఎక్కువ అని ఉంటుంది. "ఏదో తిని పడలేదు" అని బంధువులు చెప్పిన మాట రాసి ఉంటుంది. మాస్ స్పెక్ట్రోమెట్రీ అనే ఇంకా కచ్చితమైన పరీక్షతో వేరు చేసి చూస్తే గన్నేరు బయటపడుతుంది.

అంటే మూడు హత్యలు కాదు, రెండు. మూడోది వేరే వాళ్లు, ఆసుపత్రిలో జరుగుతున్న చావుల గుంపులో తమది కలిపేశారు. పాఠకుడు 30వ అధ్యాయం దాకా ఒకే హంతకుణ్ణి వెతుకుతూ ఉంటాడు.

అలిపిరి_పాఠకుడు
ఇది చదివి లేచి నిలబడ్డాను. పేరు చూస్తే మీరే నిందితులు అనిపిస్తోంది గానీ, మలుపు అద్భుతం.

ల్యాబ్‌గుమాస్తా
శాస్త్రం సరిగ్గానే ఉంది. ఒక జాగ్రత్త: చనిపోయాక గుండె కండలోంచి డిజాక్సిన్ లాంటివి రక్తంలోకి దిగుతాయి, అందుకని గుండె రక్తంలో అంకె అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది. తొడ సిర నుంచి తీసిన రక్తం మేలు. అంకె ఎంత అనే దాని మీద కథ నిలబెట్టకండి, ఏది అనే దాని మీద నిలబెట్టండి.

నవలాకారుడు
గన్నేరు తీసుకుంటున్నాను. ఇక 31వ అధ్యాయం. గుండె పెట్టె అంబులెన్సులో చెన్నైకి పోయే దృశ్యం నాకు చాలా ఇష్టం. ఉంచొచ్చా?

మత్తుసూది
ఆ రూపంలో వద్దు. గుండెకు చల్లటి పెట్టెలో సుమారు 4 గంటలు. ఇక్కడ రక్తప్రసారం ఆపిన క్షణం నుంచి అక్కడ కొత్త మనిషిలో మళ్లీ మొదలయ్యేదాకా, కుట్లు వేసే సమయంతో కలిపి. తిరుపతి నుంచి చెన్నైకి రోడ్డు మీద మూడు గంటలు పోతే మిగిలేది ఎంత? మూత్రపిండాలకైతే ఒక రోజు దాకా, కాలేయానికి 8 నుంచి 12 గంటలు. పైగా దొంగతనంగా గుండె తీయడం ఒక్కడి పని కాదు. అక్కడ పుచ్చుకునేవాడి ఛాతీ తెరిచి, హార్ట్ లంగ్ మిషన్ మీద పెట్టి సిద్ధంగా ఉండాలి, రక్తం గ్రూపు, క్రాస్ మ్యాచ్ కుదరాలి. పదిహేను, ఇరవై మంది నోరు మూసుకోవాలి. చదివేవాడు నమ్మడు.

చట్టబద్ధంగా జరిగేది చూపించి అందులో ఒక్క చోట చిల్లు పెట్టండి. 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం బ్రెయిన్ డెత్‌ను నలుగురు డాక్టర్ల బృందం నిర్ధారించాలి, 6 గంటల తేడాతో రెండుసార్లు. వెంటిలేటర్ తీసి చూసే ఆప్నియా పరీక్షలో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ 60 ఎంఎం హెచ్‌జీ దాటినా ఊపిరి తీసుకోకపోతే లెక్క. మార్పిడి చేసే బృందంలోని డాక్టరు ఆ నలుగురిలో ఉండకూడదు. మీ చిల్లు ఆ రెండు పరీక్షల మధ్య సమయంలో పెట్టండి. మొదటి పరీక్ష 4కి, రెండోది 10కి అని ఫారంలో ఉంది, కానీ వెంటిలేటర్ లాగ్‌లో రెండో డిస్‌కనెక్షన్ 7కే ఉంది. అంతే చాలు, పెట్టె కూడా అక్కర్లేదు. తిరుపతిలోనే 2023 నుంచి గుండె మార్పిడి జరుగుతోంది, గుండె రేణిగుంట విమానాశ్రయం నుంచి వచ్చే వైపు కథ తిప్పితే మీ అంబులెన్సు కూడా ఉంటుంది.

పుస్తకప్పురుగు_చిత్తూరు
భాష గురించి ఎవరూ అనలేదు. ఎస్సై మదనపల్లె మనిషి అని రాసి "ఏంటండీ అలా అంటారేంటి" అనిపిస్తే ఎట్ల? "ఏందబ్బా అట్లంటా ఉండావు" అనాల. నగరి నుంచి వచ్చిన సిస్టర్ కోపమొస్తే తమిళంలోకి పోవాల. ఇది అలంకారానికి కాదు. మొదటి పేషెంటు తమిళ యాత్రికుడు కదా, ఆయన సంతకం పెట్టిన ఆపరేషన్ అనుమతి పత్రం తెలుగులో ఉంది. చదవలేని భాషలో కాగితం మీద సంతకం ఎవరు పెట్టించినారు, పక్కన సాక్షి ఎవరు? ముసాయిదాలో మీరే రాసి మీరే మరిచిపోయిన ఆధారం ఇది.

ఖాకీకలం
నిజమే! ఆ పేజీ నేనూ దాటేసినా.

కాణిపాకం_కవిత
నా కంప్లయింట్ ఒక్కటే మిగిలింది. చివర్లో హంతకుడు ఐదు పేజీలు నిలబడి తన కథ తనే చెప్పుకుంటాడు. అదంతా తీసేయండి. పైన వీళ్లు చెప్పిన లాగ్, సీసా, గీతలు చాలు. వాడు నోరు తెరవాల్సిన పనే లేదు.

నవలాకారుడు
తీసేస్తున్నాను. చివరి ప్రశ్న, మత్తుసూది గారూ: మూడో అధ్యాయంలో సిలిండర్ ఆలస్యంగా తెరిచాడని చూపించాలి. గోడ గొట్టం పీకడం మరిచాడు అన్నది సరే, ఇంకేదైనా చిన్న అడ్డు ఉంటే బాగుంటుంది.

మత్తుసూది
సిలిండర్ తెరవడానికి ఒక తాళంచెవి లాంటిది కావాలి, దాన్ని మిషన్‌కే గొలుసుతో కట్టి ఉంచుతారు. ఆ గొలుసు చివర ఏమీ లేదని రెండో అధ్యాయంలోనే, శుభ్రం చేసే ఆయమ్మ కంటితో, ఒక్క వాక్యంలో చెప్పి వదిలేయండి.